చెరుకు బండ్ల లైన్లో మొదలైన కడుపునొప్పి

ముందే చెప్పేస్తాను, చదివేవాళ్లను భయపెట్టడం నాకిష్టం లేదు. నాకు గడ్డ లేదు, పుండు లేదు, ప్రాణం మీదికి వచ్చే జబ్బేదీ లేదు. ఈ మాట ముగ్గురు డాక్టర్ల నోట విన్నాను. విన్న ప్రతిసారీ సంతోషించాల్సింది పోయి ఒళ్లు మండింది. ఏమీ లేకపోతే బోధన్ దారిలో ఎడపల్లి దాటగానే నా పేగుల్ని ఎవరో తడిబట్ట పిండినట్టు ఎందుకు పిండుతున్నారో చెప్పండి మరి! రిపోర్టులో లేదంటే నొప్పి కూడా లేనట్టేనా?

నా పేరు సుగుణ. బస్సు కండక్టర్ని. నిజామాబాద్ నుంచి బోధన్ మీదుగా కోటగిరి పోయే బస్సు నాది. నిజామాబాద్‌లోనే కంఠేశ్వర్‌లో ఉంటాం. నేను, మా ఆయన డేవిడ్, ఇంటర్ చదివే మా పాప. నాకు నా పనంటే ప్రాణం. కిక్కిరిసిన బస్సులో దారి చేసుకుంటూ, ముందుకు జరగండమ్మా అని అరుస్తూ, తగువు పెట్టుకున్నవాళ్లను చెరో వైపు నిలబెడుతూ పోతుంటే నాకు నేనే గొప్పగా కనిపిస్తాను. కాబట్టి ఈ నొప్పి ముదిరిన ఏడాదంతా నా భయం ఒక్కటే. ఈ కడుపు వల్ల నేను బస్సు దిగిపోవాల్సి వస్తుందేమో అని.

మగ కండక్టర్‌కు అవసరమైతే రోడ్డు పక్కన ఏదో ఒక చెట్టు దొరుకుతుంది. నాకు? ఆ దారిలో ఏ పెట్రోలు బంకులో తలుపుకి గడియ ఉంది, ఏ హోటల్ వాళ్లు మొహం మాడ్చకుండా దారి చూపిస్తారు, అన్నీ నాకు కంఠతా వచ్చాయి. నొప్పి ఎప్పుడు లేస్తుందో తెలియదు. లేస్తే ఆగదు. చెమటలు పట్టి, కళ్లు తిరిగి, టికెట్ మిషన్ మీద అంకెలు మసకబారేవి. అందుకని నేను ఒక తెలివైన పని చేశాను. తినడం మానేశాను.

అవి శ్రమ దినాలు. ఈస్టర్‌కు ముందు మా చర్చిలో చాలామంది పగటిపూట ఉపవాసం ఉంటారు. నేనూ ఉన్నాను. నీళ్లు కూడా ముట్టకుండా డ్యూటీ చేస్తున్నానని తెలిసి స్త్రీల సమాజం వాళ్లు నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. పాస్టరమ్మ అయితే అందరి ముందు నా భక్తిని మెచ్చుకున్నారు. నేను తల దించుకుని విన్నాను. అది భక్తి కాదు, భయం అని చెప్పడానికి నోరు రాలేదు. ఈస్టర్ అయిపోయింది, అందరూ విందు చేసుకున్నారు, నేను మాత్రం ఉపవాసం విడవలేదు. పొద్దంతా ఎండి, ఇంటికొచ్చాక ఆకలి ఆగక కుంభం లాగించేదాన్ని. ఆ తర్వాత పడే బాధ దేవుడికే తెలుసు.

మందుల షాపులో విరేచనాలు ఆపే బిళ్లలు దొరుకుతాయి. అవి పర్సులో పెట్టుకుని, ఒకటి పని చేయకపోతే రెండు వేసుకునేదాన్ని. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. నాలుగు రోజులు ఆగిపోయి, ఐదో రోజు నేను పడిన అవస్థ పగవాళ్లకు కూడా వద్దు.

ఎండాకాలంలో పరీక్షలు మొదలయ్యాయి. కంఠేశ్వర్‌లో ఆస్పత్రులకేం తక్కువ, గల్లీకొకటి. కానీ ఆ ఇరుకు గదుల్లో బెంచీల మీద కూర్చుని, పేరు పిలిచేదాకా గోడ మీద పేగుల బొమ్మ చూస్తూ ఉండటం ఉంది చూశారూ, జబ్బు కంటే అదే ఎక్కువ తినేస్తుంది. పక్కన కూర్చున్న ప్రతివాళ్లకూ ఒక చుట్టం ఉంటాడు, ఆయనకు కూడా ఇట్లాగే మొదలై చివరికి ఏదో బయటపడి ఉంటుంది. వాళ్లు చెబుతూ ఉంటే నేను మా పాప పెళ్లి చూస్తానో లేదో అనుకునేదాన్ని. రక్తపరీక్ష, స్కానింగ్, ఆఖరికి లోపలికి గొట్టం వేసి చూసే పరీక్ష కూడా అయింది. ఆ రోజు వెయిటింగ్ హాల్లో ఏసీకో భయానికో నేను గజగజ వణుకుతుంటే, జక్రాన్‌పల్లి నుంచి వచ్చిన ఒక ముసలావిడ తన శాలువా తీసి నా కాళ్ల మీద కప్పింది. పేరు కూడా అడగలేదు. ఆమె నంబరు రాగానే శాలువా నా మీదే వదిలి లోపలికి పోయింది. బయటికొచ్చాక తిరిగిస్తే మడిచి చంకలో పెట్టుకుని పోయింది, అంతే. ఆమె ఇప్పుడు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

అన్నీ నార్మల్ అని వచ్చాయి. మా ఆయన ఊపిరి పీల్చుకుని, ఇంటికొచ్చే దారిలో ఆటోలో అనకూడని మాట అన్నాడు.

"జూస్తివా, ఏం లేదన్నరు. అంత నీ మనసులనే ఉన్నది."

వారం రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. వంట చేసి గిన్నెలు టకటకా పెట్టి పోయేదాన్ని. పాప మా ఇద్దరి మధ్య కబుర్లు మోసీ మోసీ విసిగిపోయింది. ఆయన చెడ్డవాడు కాదు, నాకంటే ఎక్కువ భయపడ్డాడు. ఆ భయం పోయిన సంబరంలో నోరు జారింది. అది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం, నేను నాటకం ఆడుతున్నానని అంటున్నాడే అని కుమిలిపోయాను.

ఇక మా బాపు, మా నాన్న. ఆయన కోటగిరి దగ్గర మా ఊళ్లో, మా తమ్ముడి దగ్గర ఉంటాడు. మా అవ్వ, అంటే అమ్మ, పోయి కొన్నేళ్లయింది. బాపుకు లోకంలో ఉన్న రోగాలన్నింటికీ ఒకటే మందు తెలుసు, చెరుకురసం. జ్వరమొచ్చినా, కామెర్లొచ్చినా, కడుపులో నొప్పైనా అంతా వేడి వల్లే, రసం తాగితే చల్లబడుతుంది. నా సంగతి తెలిసినప్పటి నుంచి, తాజాగా పిండించిన రసం పెద్ద సీసాలో పోయించుకుని, కొత్త బెల్లం ముద్ద గుడ్డలో కట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చేవాడు. నేను తాగేదాకా ఎదురుగా కూర్చునేవాడు. తాగితే నాకు కడుపు ఉబ్బి మర్నాడు డ్యూటీ నరకం. తాగకపోతే ఆయన ముఖం చూడలేను. తాగేదాన్ని.

వానాకాలంలో ఇంకా ముదిరింది. మా డ్రైవర్ సత్తన్న గురించి ఇక్కడ చెప్పాలి. నేనేమీ చెప్పకుండానే ఆయనకు విషయం అర్థమైంది. నా ముఖం అద్దంలో చూసి, బంకు దగ్గరో హోటల్ దగ్గరో బస్సు ఆపి, ఇనుప రాడ్ పట్టుకుని దిగేవాడు. నేను పరుగెత్తుకు పోయి వచ్చేదాకా ఒక్కొక్క టైరును కొడుతూ బస్సు చుట్టూ తిరిగేవాడు. నేను ఎక్కగానే టైర్లు బాగున్నట్టు తలాడించి సీట్లో కూర్చునేవాడు. ఒకరోజు ఒక ముసలమ్మ, ఏమయ్యా, నీ టైర్లకు రోజూ ఈడనే గాలి పోతదా అని అడిగింది. అవునవ్వా, ఈడ నేల మంచిది కాదు అన్నాడు ఆయన. నేను వెనక ముఖం పక్కకు తిప్పుకుని నవ్వాను. ఆ నెలల్లో నేను నవ్విన నవ్వులు ఎన్నో లేవు.

బోధన్ బస్టాండ్ పక్కన రజియా ఆపా ఇల్లు. ముందు గదిలో బట్టలు కుడుతుంది. ఒకరోజు వాన పడుతుంటే గోడకు ఆనుకుని వంగిపోయి నిలబడ్డాను. ఆమె మిషన్ ఆపి బయటికి వచ్చి, ఏమీ అడగకుండా చేయి పట్టి లోపలికి తీసుకుపోయి బాత్రూం చూపించింది. బయటికొచ్చి నేను సిగ్గుతో ఏదో గొణుగుతుంటే మధ్యలోనే ఆపేసింది.

"గిందుల శరమేంది అక్కా? రోజు రా. ఎనక తలుపు తీసే ఉంటది."

ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా ఆ వెనక తలుపు నా బస్సు వచ్చే వేళకు తీసే ఉంటుంది. రంజాన్ రోజుల్లో కూడా, ఆమె నమాజులో ఉన్నా సరే. నిజం చెప్పనా? ఆ తలుపు ఉందన్న ధైర్యంతోనే సగం రోజులు నాకు దాని అవసరం రాలేదు. నా జబ్బు ఎలాంటిదో నాకు మొదటిసారి అనుమానం వచ్చింది అక్కడే.

కానీ ఈలోపు బస్సు ఆలస్యమవుతోందని ఎవరో ఫిర్యాదు చేశారు. డిపోలో పై ఆఫీసరు నన్ను పిలిచి కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడారు. ఆరోగ్యం ముఖ్యమమ్మా, క్రిస్మస్ దాకా చూద్దాం, అప్పటికీ ఇట్లాగే ఉంటే బస్టాండులో కౌంటర్లో కూర్చుందువు గాని అన్నారు. ఆయన మంచికే అన్నారు. నేను మాత్రం డిపో వెనక్కి పోయి, ఆగి ఉన్న బస్సులో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఊళ్లో పశువులు కాసిన పిల్ల యూనిఫాం వేసుకుని బస్సెక్కింది. ఇప్పుడు కడుపు ఆగక దిగిపోయింది అంటారు గదా అని.

దసరా అయ్యాక మా ఆయనే, తప్పు దిద్దుకుంటున్నట్టు, ఇంకొక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె రిపోర్టులన్నీ ఓపిగ్గా చూసి పక్కన పెట్టింది. ఏమీ లేదని ఈమె కూడా అంటుంది, లేచిపోదాం అనుకున్నాను. ఆమె మాత్రం, నీ నొప్పి నిజమేనమ్మా అంది. ఆ ఒక్క మాటకు, లేవబోతున్నదాన్ని మళ్లీ కూర్చున్నాను. మా ఆయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత ఆమె ఎవరూ అడగనివి అడిగింది. ఏ దారిలో ఎక్కువ వస్తుంది? ఎక్కడ మొదలవుతుంది? వేరే దారిలో డ్యూటీ వేసినప్పుడు వస్తుందా? ఆలోచిస్తే, జక్రాన్‌పల్లి మీదుగా ఆర్మూర్ పోయే దారిలో చాలా తక్కువ. బోధన్ దారిలోనే, అదీ ఎడపల్లి దాటాకే. అక్కడ ఏముంది అని అడిగింది. ఏముందమ్మా, మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ గేటు ఉంది అన్నాను. అని, అక్కడే ఆగిపోయాను.

నాకు ఆరేళ్లప్పుడు అవ్వకు ఊపిరితిత్తుల జబ్బు చేసి, నెలల తరబడి నిజామాబాద్‌లో ఆస్పత్రిలో ఉంది. తమ్ముడు పాలు తాగే పిల్లాడు, వాణ్ని మేనత్త తీసుకుపోయింది. నన్ను చూసేవాళ్లు లేక బాపు తనతో పాటు చెరుకు బండి మీద ఎక్కించుకునేవాడు. ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో గేటు ముందు ఎడ్లబండ్ల లైను రోడ్డు పొడవునా ఉండేది. ఒక పగలంతా, ఒక్కోసారి మర్నాడు కూడా ఆ లైన్లోనే. బాపు చెరుకు తూచే కాటా దగ్గరికి పోవాలి, అక్కడ పేరు పిలిచినప్పుడు పలకకపోతే వంతు పోతుంది. పగ్గాలు నా చేతికిచ్చి, ఏమైనా సరే దిగకు బిడ్డా, ఇప్పుడే వస్త అని పోయేవాడు. పోతే ఎంతకూ వచ్చేవాడు కాదు.

లైను ఎప్పుడు కదులుతుందో తెలియదు. కదిలితే ఎడ్లను నేనే అదిలించాలి. చుట్టూ పెద్ద పెద్ద ఎడ్లు, తెలియని మగవాళ్లు, ఉడికే రసం వాసన. అవ్వ ఆస్పత్రికి పోయి రాలేదు, బాపు కూడా ఇట్లాగే రాకుండా పోతాడేమో అని నాకు కడుపులో తిప్పేది. గుడ్డలో కట్టిన జొన్నరొట్టె పక్కనే ఉండేది, ముట్టేదాన్ని కాదు. తింటే దిగాల్సి వస్తుంది. దిగితే లైను పోతుంది. నీళ్లు కూడా తాగకుండా బిగబట్టుకుని కూర్చునేదాన్ని.

ఇదంతా చెబుతుంటే నా మాట నాకే వినిపించింది. నేను బస్సులో చేస్తున్నది ఏమిటి? అదే కదా!

డాక్టరమ్మ చాలా జాగ్రత్తగా చెప్పింది. పేగులకు సొంతంగా నరాల అల్లిక ఉంటుందట, అది మెదడుతో రోజంతా మాట్లాడుతూనే ఉంటుందట. చాలా చిన్నప్పుడు పిల్లలు ఎక్కువ కాలం భయంలో బతికితే, కొందరిలో ఆ నరాలు పెట్టుకున్న కాపలా పెద్దయ్యాక కూడా దిగదు. అందరికీ చిన్నగా అనిపించే గాలి, కదలిక వాళ్లకు నొప్పిగా తెలుస్తుంది. భయపడ్డ పిల్లలందరికీ ఇట్లా అవుతుందని కాదు, నీకు కూడా ఇదొక్కటే కారణమని నేను చెప్పలేను అంది. కానీ పేగులు పాడవలేదు, అవి భయపడటం నేర్చుకున్నాయి, మెల్లగా మళ్లీ నేర్పుదాం అంది. మా ఆయన వైపు తిరిగి, మనసులో ఉందంటే అబద్ధమని కాదు బాబూ అంది. ఆయన బయటికొచ్చి నాకు చాయ్ తెచ్చిచ్చి, తప్పయిపోయిందే అన్నాడు. నేను కొంచెం బెట్టు చేసి తాగాను.

మందు చిన్నది. ఎక్కువ పని నాదే. పొద్దున కొంచెం, దారిలో కొంచెం, వేళకు తినడం. నీళ్లు తాగడం. బస్సెక్కే ముందు కడుపు మీద చేయి పెట్టుకుని నిదానంగా ఊపిరి తీయడం. వారానికొకసారి కౌన్సిలర్ దగ్గర కూర్చుని ఆ బండి గురించి మాట్లాడటం. కొన్నాళ్లు చెరుకురసం, బెల్లం మానేయడం. అన్నిటికంటే ఈ చివరిదే కష్టమైంది నాకు.

బాపుకు ఎట్లా చెప్పాలి? రసం వద్దంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే, నీ బండి మీదే నాకు ఈ జబ్బు అంటుకుంది అన్నట్టవుతుంది. డెబ్బై దాటిన మనిషి. ఆ రోజుల్లో ఆయన తిన్నాడో లేదో ఎవరూ అడగలేదు. నేను మా ఆయనకు, పాపకు గట్టిగా చెప్పాను, బాపు ముందు ఆ మాట ఎత్తవద్దని.

నాలుగైదు వారాలకు బస్సు ఆగడం తగ్గింది. సత్తన్న రాడ్ సీటు కింద పడి ఉంటోంది. క్రిస్మస్ ఇంకో పది రోజులుందనగా బాపు వచ్చాడు, చేతిలో సీసాతో. నేను గ్లాసు తీసి పక్కన పెట్టి, డాక్టరమ్మ కొన్నాళ్లు వద్దంది బాపూ అన్నాను. ఆయన నమ్మలేదు. చెరుకు పడకపోవడమేమిటి, నువ్వు చెరుకు మీద పెరిగిన పిల్లవు గదా అని నవ్వాడు. అంత జాగ్రత్త పడ్డదాన్ని, నా నోరు ఆగలేదు.

"చెరుకు బండి మీద పెరిగిన, బాపూ. నువ్వు నన్ను గాడ ఇడిసిపెట్టి పోతుంటివి. ఎంతకూ రాకపోతుంటివి."

పాప టీవీ ఆపేసింది. బాపు సీసా మూత బిగించి, విప్పి, మళ్లీ బిగించాడు. తర్వాత నా వైపు చూడకుండానే చెప్పాడు.

"నేనేడికీ పోలె బిడ్డా. కాటా గోడెనక నిలవడి నిన్నే సూస్తుంటి. నన్ను సూస్తే ఏడ్సుకుంట దిగి ఉరికొస్తవని నీకు కనవడకుంట నిలవడుతుంటి. గప్పుడే మరాఠోళ్ల పిల్లొకతి బండి దిగి ఎడ్ల కాళ్ల కింద వడ్డది. నా కండ్ల ముందల్నే."

మహారాష్ట్ర నుంచి చెరుకు నరకడానికి వచ్చినవాళ్ల పిల్ల అట. కాలు పోయిందట. ఆ తర్వాత బాపు, పేరు పిలిచే కిటికీ దగ్గర నిలబడితే నాకు కనిపిస్తాడని, గోడ చాటు నుంచే చెవి అటూ కన్ను ఇటూ వేసి నిలబడేవాడట. నేను రొట్టె ముట్టకపోవడం కూడా చూశాడట. నువ్వు తినలేదని నేనూ తినకపోతుంటి అన్నాడు.

నాకు ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అరిచాను. నువ్వెప్పుడు అడిగినవ్ అన్నాడు. అవును, నేనెప్పుడు అడిగాను? తర్వాత ఏడుపు వచ్చింది, ఆ తర్వాత ఎందుకో నవ్వు వచ్చింది. నేను దిగకూడదని ఆయన దాక్కున్నాడు. ఆయన కనబడలేదని నా పేగులు ముప్పై ఏళ్లకు పైగా బిగబట్టుకుని కూర్చున్నాయి. ఎవరిని ఏమనాలి? బాపు కాళ్ల దగ్గర కూర్చుని ఆయన ఒళ్లో తల పెట్టుకున్నాను. ఆయన చేతికి బెల్లం వాసన. ఆ వాసనకు నా కడుపు ఏమీ అనలేదు.

నాకు పూర్తిగా నయమైందని రాయడం లేదు. ఇప్పటికీ కొన్ని రోజులు లేస్తుంది, రజియా ఆపా వెనక తలుపు అవసరమవుతుంది. కానీ ఆఫీసరు కౌంటర్ మాట మళ్లీ ఎత్తలేదు. నాలాంటి కడుపుతో వేగుతున్నవాళ్లకు నేను చెప్పేది ఇంతే. ముందు పరీక్షలు చేయించుకోండి. రక్తం పడినా, మనిషి చిక్కిపోయినా అస్సలు ఆలస్యం చేయకండి. అన్నీ బాగున్నాయని వస్తే, మీరు అబద్ధమాడుతున్నారని కాదు. మీ నొప్పి నిజమేనన్న డాక్టరు దొరికేదాకా వెతకండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే, ఎక్కడికి పోతున్నారో, ఎప్పుడొస్తారో చెప్పి పోండి. అన్నిటికంటే, వాళ్లకు కనిపించండి.

మర్నాడు బాపు నా బస్సులోనే ఊరికి బయల్దేరాడు. ఎప్పటిలాగే వెనక సీటు వైపు పోతున్నాడు, బిడ్డ పనికి అడ్డం రాకూడదని. నేను చేయి పట్టి ఆపాను. కనవడేటట్టు కూసో బాపూ అని, డ్రైవర్ వెనక సీట్లో కూర్చోబెట్టాను. డబ్బాలో పెరుగన్నం పెట్టుకున్నాను, ఎడపల్లిలో జనం దిగాక నాలుగు ముద్దలు తిన్నాను. బాపు నన్నే చూస్తున్నాడు.

ఎడపల్లి దాటాం. కడుపులో సన్నగా మెలి తిరిగింది. పాత గేటు కనిపించింది, దాని ముందు ఇప్పుడు పిచ్చిమొక్కలు. సత్తన్న అలవాటు కొద్దీ వేగం తగ్గించి అద్దంలో చూశాడు.

"ఆపాల్నా అక్కా?"

నేను బాపు వైపు చూశాను. ఉన్నాడు. కనిపిస్తున్నాడు.

"వద్దన్నా, పోనీ," అన్నాను. "రైట్ రైట్."